ల్యాంపు సదానందం టబ్బుల ఆట

గోదావరిఖనిలో ల్యాంపు సదానందం గొంతు ఎరగనివాడు లేడు. గనిలోంచి పైకొచ్చిన మనిషి టోపీ లైటు తిరిగి ఇవ్వకుండా ఇంటిదారి పట్టాడంటే లైట్లు ఇచ్చి పుచ్చుకునే ల్యాంపు రూమ్ కిటికీలోంచి అతనిది ఒకటే కేక.

"లైటు జమ చేసి పో! ఎట్ల తీస్కపోయినవో గట్లనే పెట్టాలె!"

ఆ కేకకు గోదావరి అవతల మంచిర్యాల స్టేషన్లో కదలబోతున్న రైలు కూడా ఆగిపోయిందట. డ్రైవరు దిగొచ్చి తన లాంతరు జమ చేసిపోయాడనేవాళ్లూ ఉన్నారు.

అటువంటివాడికి నలభై దాటాక కంప్యూటరు పిచ్చి పట్టింది. డ్యూటీ దిగాక చౌరస్తాలోని ఇన్‌స్టిట్యూట్‌కి పోయి సి భాష నేర్చుకున్నాడు. నల్లని తెర మీద ఉత్త అక్షరాలతోనే ఒక ఆట రాశాడు. గీతలు పట్టాలు, సున్నాలు వాటి మీద బొగ్గు మోసే చిన్న బండ్లు, అంటే టబ్బులు. మీటలు నొక్కుతూ టబ్బులు గుద్దుకోకుండా నడపాలి.

ఆట రాసింది తన దోస్తు మహబూబ్ కోసం. ఏళ్ల తరబడి గనిలో టబ్బులు నడిపిన మహబూబ్ కాలు విరిగి మంచం పట్టాడు. అప్పటినుంచి గోడకేసి తిరిగి పడుకోవడమే, మాటా పలుకూ లేదు.

తీరా చూస్తే ఆట రాసింది విండోస్ మీద, మహబూబ్ ఇంట్లో కూతురు మెహక్ కంప్యూటర్లో ఉన్నది లినక్స్ అనే వేరే వ్యవస్థ. ఎంటర్ కొట్టేదాకా ఆగకుండా నొక్కిన మీటను నొక్కినట్టే పట్టే విండోస్ ఏర్పాటు అక్కడ లేదు. సదానందం ఆటను ఒక ఫైలులో ఉంచి, మీటలు పట్టే పనిని విడదీసి, విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి రాసి పట్టుకుపోయాడు.

మహబూబ్ అయిష్టంగానే మీట నొక్కాడు. టబ్బు కదిలింది. మనిషి లేచి కూర్చున్నాడు!

ఆట ముగిశాక మెహక్ ఏదో టైపు చేయబోయింది.

"కాకా, ఏం కొట్టినా కనవడ్తలేదు! రేపు నా ప్రాజెక్టున్నది. ఇంకోపారి గిట్లయితే నీ ఆట దీంట్ల వెట్టనియ్య."

సదానందం మొహం మాడిపోయింది. "ఆట నడిచేటప్పుడు కొట్టిన అక్షరాలు కనవడకుండ బంద్ వెట్టిన బిడ్డా. అయిపోయినంక మళ్ల చాలు చేసుడు మర్శిన."

మంచం మీదినుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఎన్ని నెలలకో!

"అరె సదానందం! అందరి మీద ఒర్లుతవ్ గని, నువ్వు లైటు జమ చేసినవా?"

సదానందం సిగ్గుపడుతూనే కూర్చుని దిద్దాడు. ఆట మొదట్లో తెర పాత అమరికను దాచుకోవాలి, పోతూ పోతూ అలాగే తిరిగి పెట్టాలి. మెహక్ తన పేరు కొట్టి చూసింది. అక్షరాలన్నీ వచ్చాయి.

"ఉండనియ్యి కాకా," అంది.

మహబూబ్ అప్పటికే మంచం అంచుకు జరిగాడు. "జల్ది జరుగుండ్రి ఇద్దరు. నాకు డ్యూటీ టైమయితాంది."