కత్తెరమ్మ షరతులు

మా వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఇరవై ఏళ్ళు బట్టలు కుట్టి, చూపు మందగించాక సూది వదిలేసి కొమ్మలు కత్తిరించే కత్తెర పట్టింది. ఇంటింటికీ వెళ్ళి తోటలు బాగుచేయడం ఆమె కొత్త వ్యాపారం.

పనిలో వంక పెట్టడానికి లేదు. కాని ఎవరికీ కాదని చెప్పలేకపోయేది. మొక్కలకు గొప్పు తవ్వడానికి వెళితే ఒకరు కుక్కకు స్నానం చేయించమన్నారు. ఇంకొకరు, ఎలాగూ నిచ్చెన తెచ్చావు కదా అని అటకమీది పెట్టెలు దింపించారు. అందరూ చనువిస్తే చంకెక్కే రకమే. ఆ అటకమీది ఇత్తడి గిన్నె ఒకటి నెత్తిన పడ్డాక కత్తెరమ్మ నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది.

"నాకు మొహమాటం ఎక్కువే. కాగితానికి ఉండదుగా, నువ్వు రాయి," అంది.

అక్క చెబుతుంటే చెల్లెలు ఆరు షరతులు రాసింది. కుక్కలూ అటకలూ తోటపనిలోకి రావు. పక్కింటి గులాబీ కొమ్మ తుంచుకు రమ్మనరాదు. ఆరోది అన్నిటికన్నా గట్టిది: నీళ్ళు నేనే పోస్తాను, ఇంటివాళ్ళు పోస్తే గంటసేపు కలుపు తీయాలి.

అందరూ నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. రిటైరైన హెడ్మాస్టరు మాత్రం ఎర్ర పెన్నుతో మూడు అక్షరదోషాలు దిద్ది, పదికి ఏడు మార్కులు వేసి మరీ సంతకం చేశాడు.

వారం తిరక్కుండానే ఆయన మగ్గుతో సహా దొరికిపోయాడు.

"ఆకులు వాలిపోతే జాలేసిందమ్మా," అన్నాడు.

"నీళ్ళెక్కువై వాలాయండీ. ఈ సంతకం మీదేనా?"

మాట తప్పే మనిషి కాదాయన. ప్యాంటు మడిచి కలుపుకు దిగాడు. గంట తర్వాత చూస్తే మడి అద్దంలా ఉంది. కలుపుతోపాటు, కత్తెరమ్మ నెలరోజులు పెంచిన బంతినారంతా పీకేసి, పొట్టివి ముందూ పొడుగువి వెనకా, ప్రార్థనకు నిలబెట్టినట్టు వరుసగా పేర్చాడు.

కత్తెరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఆయన పెన్నే అడిగి తీసుకుని కలుపు మాట కొట్టేసింది. నీళ్ళు పోసినవారు గంటసేపు చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చోవాలి, దేన్నీ ముట్టుకోరాదు, సలహా ఇవ్వరాదు అని రాసింది. ఆ వాక్యం అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది.

మర్నాడు హెడ్మాస్టరు భార్య గేటు దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"నలభై ఏళ్ళ కాపురంలో నిన్న ఒక్క గంట ఇల్లు ప్రశాంతంగా ఉందమ్మా. వంటింటికి కూడా వర్తిస్తుందని ఓ ముక్క రాయకూడదూ?"

కత్తెరమ్మ రాసింది. ఆ నెలలోనే మరో నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఆమెను పనికి కుదుర్చుకున్నారు. వాటిలో రెండిళ్ళకు అసలు తోటే లేదు.