గోలీసోడా సీసాలో బత్తాయి తొక్క నూనె

తెల్లారేసరికే ఎండ చురుక్కుమంది. బత్తాయి చెట్లకు నీళ్లు మళ్లించి, రాలిన కాయలు ఏరి తెలకపల్లిలో బస్సెక్కాను. మచ్చపడిన కాయను వ్యాపారులు ముట్టరు. అందుకే ముందురోజే అలాంటి కాయల తొక్కల నుంచి నూనె పిండి చిన్న గాజుసీసాలో నింపుకున్నాను. గద్వాలలో సోడాలు కొట్టే వీరన్న దాన్ని వాడుకుంటానంటే తోట ఉంటుంది. కాదంటే చెట్లు కొట్టేసి పత్తి పెట్టాలని ఇంట్లో అనుకున్నాం.

నాగర్‌కర్నూల్లో ఒక బస్సు, వనపర్తిలో ఇంకొకటి మారాను. పెబ్బేరులో సంత. ఎడ్లు రోడ్డుకు అడ్డం నిలబడ్డాయి. "హారన్ కొడితే గవి ఇంటయా? దిగి జర తోలుండ్రి" అన్నాడు డ్రైవర్. బీచుపల్లి వంతెన దాటి గద్వాల చేరేసరికి పదకొండు దాటింది. చార్జీలు అరవై రూపాయల లోపే.

వీరన్న సీసాలో నీళ్లు, నాలుగు చుక్కల నూనె పోసి, మిషన్‌లో బిగించి గ్యాస్ పట్టాడు. గోలీ నొక్కగానే పైన తేలిన నూనె నురగై పొంగి అతని చొక్కా తడిపింది. ఒత్తిడి మీద గ్యాస్ నీళ్లలోనే కాదు, ఈ నూనెలోనూ కరుగుతుందని, వదలగానే బయటికి ఉరుకుతుందని కళ్లారా చూశాం.

"వాసన మంచిగనే ఉన్నది. గని ఇది తాగెటందుకా, తానం చేసెటందుకా?" అంది అతని భార్య ఈరమ్మ.

"సల్లగుంటే గింత పొంగదు" అని వీరన్న ఇంకో సీసాకు గ్యాస్ పట్టి తడిగోనె కింద పెట్టాడు. అన్నం తిని వచ్చేసరికి గోలీ జారి, గ్యాస్ పోయింది. పైకి తేలిన నూనె సీసా మెడలోని రబ్బరు రింగును ఉబ్బించింది.

"నీ నూనె నా రబ్బరు తిన్నదన్నా. పో, నీ చెట్లు కొట్టేసుకో."

నేను పోలేదు. నూనె తేలకుండా ఉంటే రబ్బరుకు అంతగా అంటదు. నూనెను నీళ్లలో కలిపి ఉంచేందుకు బజారులో తుమ్మబంక కొని, పొడి కొట్టి, కొంచెం నీళ్లతో రోట్లో వేసి, నూనె చుక్కచుక్కగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా నూరాను. ఈరమ్మ రోలు పట్టుకుంది. వీరన్న ఆ పాలు కలిపిన నీళ్లు సీసాలో పోసి, కొత్త రింగు వేసి గ్యాస్ పట్టాడు.

"నీ బస్సు టైం దాంక గోలీ నిలవాలె. లేకుంటే మల్ల అడగొద్దు."

అయిదు గంటలకు నొక్కాడు. టప్పుమంది. నురగ మూతి దగ్గరే ఆగింది. ఈరమ్మ సగం తాగి సీసా అతనికిచ్చింది. అతను మిగిలింది తాగి, "వచ్చే వారం పెద్ద సీసా తే" అన్నాడు.

ఒక్క పూట నిలిచిన గోలీ వేసవంతా నిలుస్తుందని చెప్పలేను. ఆ చెట్లకు ఈ ఏడు మాత్రం నీళ్లు పెడతాను. మీరూ తొక్క నూనె పట్టుకుని బస్సెక్కితే గాజుసీసాకు బెండు బిరడా పెట్టండి. రబ్బరు బిరడా దారిలోనే ఉబ్బి కారుతుంది.

వీరన్న రింగులు కొనడానికి సైకిల్ మీద ముందే వెళ్లిపోయాడు. నేను అయిదున్నర బస్సుకు బయలుదేరాను.