పాస్ కొన్నది ఊరు చూడ్డానికి

విశాఖపట్నంలో ఊరంతా చూపించే ఒకరోజు పాస్ కొందామన్నది మా ఆయనే. జూ, రోప్‌వే, మ్యూజియం, ఒక్కోచోట టికెట్ కొంటే తడిసి మోపెడవుతుందని కొవ్వూరులో రైలెక్కిన దగ్గర్నుంచి నాకు పాఠం చెప్పారు. సరేనన్నాను.

పొద్దున్న మ్యూజియం ఒక్కటి చూశామో లేదో, మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. విశాఖలో ఎన్నేళ్ళున్నా ఆవిడ గోదావరి మనిషే. "మా ఊరొచ్చి హోటల్లో తింటారా? మరిదిగారికని పనసపొట్టు కూర చేశాను, వచ్చేయండి" అంది.

నేను మారు వడ్డించుకోకుండా గబగబా తిని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఈయన పెరుగన్నంలోకి ఆవకాయ అడిగి మరీ తిని, "ఓ కునుకు తీస్తానండీ, వదినగారూ" అని మంచమెక్కారు. లేపితే "ఎండ తగ్గనీ" అన్నారు. ఎండా తగ్గింది, జూ గేటూ మూసేశారు. అక్క బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టేసరికి చీకటి పడింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మొన్న విశాఖ బయల్దేరుతున్న పక్కింటాయన వచ్చి, "ఆ పాస్ తీసుకోమంటారా?" అని అడిగారు.

"దండగండీ. అక్కడ మా ఆవిడ తరఫు చుట్టాలున్నారు. పట్టుకుంటే వదలరు" అన్నారీయన, తిన్న కూరైనా తలుచుకోకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోంచే గట్టిగా అన్నాను.

"తీసుకోండి అన్నయ్యగారూ, మంచి పాసే. మధ్యాహ్నం పడుకునే మనిషికి మాత్రం కొనకండి."