బావ ఎంచిన రబ్బరు పడవ

మా బావ పోయాడన్న కబురు పక్క క్వార్టరు వాళ్ళ ఫోనుకి వచ్చింది. ఉక్కునగరంలో మా వరసలో ఫోను ఉన్నది వాళ్ళకే. బియ్యం ఏరుకుంటున్నదాన్ని, చేట చేత్తో పట్టుకునే పరుగెత్తాను. అవతల మాట్లాడుతున్నది కంచరపాలెంలో అక్కావాళ్ళ పక్కింటి కిరాణా కొట్టాయన. "మీ బావ ఎల్లిపోనాడమ్మా. టీ గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు, అంతే" అన్నాడు. ఏడవాల్సిందాన్ని, ఏడవలేదు. "అక్క దగ్గర ఎవరున్నారు?" అని అడిగాను. "ఎవులున్నారమ్మా, ఆయనే కదా" అన్నాడు.

బావ పోయాక ఇంటివాళ్ళని ఓదార్చడానికి సంఘం పెట్టిన ఆదరణ కూడికలో మా పాస్టరుగారు బావ గురించి మంచి మాటలు చెప్పారు. నమ్మకమైన భర్త అన్నారు, సంఘంలో ఏ పనికి పిలిచినా వచ్చే మనిషి అన్నారు. అన్నీ నిజమే. రబ్బరు పడవ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది చెప్పకపోతే బావని సగమే చెప్పినట్టని నాకు అనిపించి, పెద్దగా చదువుకున్నదాన్ని కాకపోయినా, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పోర్టులో కళాసీగా పనిచేశాడు. ఓడల్లోకి సరుకు ఎత్తే తాళ్ళూ కొక్కేలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం ఆయన పని. ఆ పని వల్ల వచ్చిన అలవాటో ఏమో, దేన్నైనా బొటనవేలితో ఒత్తి చూసేవాడు. తాడు, జామకాయ, కొత్త చెప్పు, మా పిల్లల బుగ్గలు, అన్నిటికీ ఆ వేలే. "కన్ను ఒక్కోపాలి మోసపోద్ది మరదలా. యేలు మోసపోదు" అనేవాడు.

అక్కకి పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నడుము కింద సగం పడిపోయింది. వాళ్ళకి పిల్లలు లేరు. అక్కని లేపడం, స్నానం చేయించడం, జడ వెయ్యడం, అన్నీ బావే. మేము ఉపవాసాలుండి ప్రార్థించాం. సంఘమంతా ప్రార్థించింది. అక్క కాళ్ళు తిరిగి రాలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలియదనే ప్రభువుకి చెప్పుకుంటాను, ఇప్పటికీ.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బావ అక్కని రిక్షాలో బీచికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. రిక్షాని నీళ్ళ వైపు తిప్పి నిలబెట్టాం. అక్క చాలాసేపు చూసి, "ఇంటికెల్లిపోదారి" అంది. బావ ఏమైందని అడిగాడు.

"ఒడ్డునుంటే నాకు కాల్లు నేవని గుర్తొత్తంది. అందరూ నడుత్తన్నారు. నీల మీదైతే ఎవులికీ కాల్లక్కర్నేదు కదా. ఒక్కపాలి నీల మీద కూకోవాలనుంది."

బావ "సరే" అన్నాడు.

మర్నాడే ఆయన తన స్నేహితుడి దగ్గరికి వెళ్ళాడు. ఆ స్నేహితుడిది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, సొంత పడవ ఉంది. కానీ వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కకూడదు. ఎక్కితే గంగమ్మకి కోపం వస్తుందనీ, వల ఖాళీగా వస్తుందనీ అతని తల్లి గట్టిగా చెప్పింది. అతను తల గోక్కుని, "నాను నమ్మను బావా. అమ్మ నమ్ముతాది. నాకు అన్నం ఎట్టేది అమ్మే" అన్నాడట. బావ నవ్వుతూ చెప్పాడు మాకు. అదీగాక చెక్క పడవ అంచు ఎత్తు. కాళ్ళు పడిపోయిన మనిషిని దానిమీదుగా దించడం కష్టం.

తర్వాత కొన్నాళ్ళకి బావ డ్యూటీ నుంచి ఏదో వింత చూసినవాడిలా వచ్చాడు. లంగరేసిన పరదేశపు ఓడ పక్కన, ఆ ఓడవాళ్ళు గాలి కొట్టిన రబ్బరు పడవలో తెడ్లు వేసుకుంటూ తిరగడం చూశాడట.

"సేపలు పడతన్నారా అంటే నేదు. సరుకు దింపుతన్నారా అంటే నేదు. ఊరికే తిరగతన్నారు." ఆ 'ఊరికే' అన్న మాటని ఆయన ఎంత ఆశగా అన్నాడో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అలా మొదలైంది పడవ వెతుకులాట. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో ఓడల నుంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్లుండేవి. తాళ్ళు, లాంతర్లు, దుప్పట్లు, అప్పుడప్పుడూ రబ్బరు పడవలు. పడవ వచ్చిందని తెలిస్తే బావ నన్ను తీసుకెళ్ళేవాడు. నేనెందుకంటే, అక్కదీ నాదీ ఒకటే ఒడ్డూ పొడుగూ.

మొదటిసారి కొట్లో నేల మీద పడవకి గాలి కొట్టించి, నన్ను అందులో కూర్చోమన్నాడు. కూర్చున్నాక భుజం మీది తువ్వాలు తీసి నా కాళ్ళు రెండూ కలిపి కట్టేశాడు.

"కాల్లు కదపకు మరదలా. నీకు కాల్లు నేవనుకో."

"అందరూ చూస్తన్నారు బావా."

"సూడనీ. నువ్వు నీల మీదున్నావు, ఆలు ఒడ్డునున్నారు."

అని పడవ అంచుని కాలితో ఊపాడు. నేను పక్కకి ఒరిగిపోయాను. చేతి సంచీలోంచి బైబిలు జారి నేల మీద పడింది. కాళ్ళతో నిలదొక్కుకోవడం మనకి ఎంత అలవాటో, అవి లేకపోతే మనిషి ఎలా పడిపోతుందో నాకు ఆ పూట తెలిసింది. అక్క మంచం మీద నుంచి ఒక్కోసారి ఎందుకంత కోపంగా మాట్లాడేదో కూడా అర్థమైంది.

కొట్టాయన గల్లా దగ్గర నుంచి చూస్తూ, "పెల్లికూతుర్ని సూసినట్టు సూత్తన్నారేటండీ. కొంటారా, కాపురం సేత్తారా?" అన్నాడు.

"రెండూనూ" అన్నాడు బావ.

ఆ పడవ వద్దనుకున్నాడు. దాని చుట్టూ ఒకటే గొట్టం. ఎక్కడ చిల్లు పడినా మొత్తం గాలి పోతుంది. ఇంకోసారి పైకప్పున్న పెద్దది వచ్చింది, ఓడ మునిగితే ప్రాణం దక్కించుకునే రకం. అందులో నేను హాయిగా పడుకోగలిగాను గానీ బావకి నచ్చలేదు. "ఇది తేలుద్ది, ఎల్లదు. తెడ్డేత్తే తన సుట్టూ తనే తిరుగుద్ది. మీ అక్క ఇప్పటికే ఒక్క సోటే ఉంది కదా" అన్నాడు. మరోటి సన్నంగా చూడముచ్చటగా ఉంది. కాళ్ళు కట్టుకుని అందులో కాస్త అటు తిరిగానో లేదో బోల్తా కొట్టబోయింది. "ఎవడో కుర్రోడు సరదాకి కొనుక్కోవాల్సింది" అని దాన్నీ పక్కన పెట్టాడు. వెళ్ళిన ప్రతిసారీ కొట్టాయన కొత్త వేళాకోళం ఆడేవాడు. బావ ప్రతిసారీ వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. ఇంటి దగ్గర అక్క మా ముఖాలు చూసి తల గోడ వైపు తిప్పుకునేది.

చివరికి బూడిద రంగుది ఒకటి వచ్చింది. పొడుగ్గా, రెండు కొసలా మొన తేలి ఉంది. పక్కలకి చెరో గొట్టం, అడుగున విడిగా తీసి పెట్టుకునే గాలిపరుపు. మూడిటికీ వేరువేరు మూతలు. ఒకటి పోయినా మిగతా రెండూ మనిషిని తేలుస్తాయి. నేను కూర్చుంటే నడుము వెనక ఆసరా తగిలింది. బావ ఊపాడు. నేను ఒరగలేదు. ఇంకా గట్టిగా ఊపాడు. అతుకులన్నిటికీ సబ్బునురుగు రాసి బుడగలొస్తాయేమోనని చూశాడు. పొద్దున గాలి కొట్టి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి బొటనవేలితో చుట్టూ ఒత్తాడు. అప్పుడు నా వైపు చూసి, "ఇందులో కూకోబెట్టొచ్చు మీ అక్కని" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను తల దించుకుని స్తోత్రం చెల్లించుకున్నాను.

సరుగుడు కర్రతో తెడ్లు ఆయనే చేసుకున్నాడు. గాలివాటం మెత్తబడే రోజు కోసం ఆగాం. ఆ ఆగిన రోజుల్లో స్నేహితుడి తల్లి, ఆ ముసలామె, కంచరపాలెం వచ్చింది. అక్కని తమ పడవ ఎక్కనివ్వలేదన్న బాధ ఆవిడకి లోపల ఉండిపోయింది. సీసాతో సొరచేప నూనె తెచ్చింది. కొత్త పడవ నీళ్ళలో దిగే ముందు ఉప్పునీరు తినెయ్యకుండా నూనె పట్టించడం వాళ్ళ ఆనవాయితీ. పెరట్లో కూర్చుని రబ్బరు అంతా పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దింది. "తాగతంది సూడు నూనె. దాహంతో ఉంది పాపం" అంది. తర్వాత కూడా వచ్చి మళ్ళీ రాసింది. బావ కూడా ఆవిడతో కూర్చుని రాశాడు. చిన్నప్పటి నుంచీ ఆయన చూసిన పడవలన్నీ చెక్కవే మరి. అడుగు పరుపుకి మాత్రం రాయనివ్వలేదు. అక్కకి నూనె వాసన పడదని దాన్ని ఇంట్లో మంచం కింద పెట్టాడు.

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట, పోటు నిండి నీళ్ళు నిలిచిన వేళకి వెళ్ళాం. బావా, స్నేహితుడూ అక్కని ఎత్తుకుని పడవలో కూర్చోబెట్టారు. బావ ఆమె కాళ్ళ వైపు కూర్చుని తెడ్డు వేశాడు. నేను ఒడ్డున పొడిబట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పడవ వెళ్ళింది. అక్క చెయ్యి అంచు మీద నుంచి నీళ్ళలోకి వేలాడేసింది. ఆమె వేళ్ళు కదులుతుంటే వెనకాల నీళ్ళలో చిన్న చారలు పడ్డాయి. అక్క నవ్వుతున్న చప్పుడు ఒడ్డుకి వినబడింది. జ్వరం వచ్చాక ఆ నవ్వు నేను వినలేదు.

కాసేపటికి ఒక పక్క గొట్టం ముడతపడటం నాకు కనిపించింది. బావ తెడ్డు వదిలి నీళ్ళలోకి దిగాడు. పీకల్లోతు నీళ్ళలో ఆ పక్కని భుజంతో ఎత్తి పట్టుకుని ఒడ్డు వైపు నడుస్తున్నాడు. స్నేహితుడు ఎదురు పరుగెత్తాడు. నేను నిలబడి ఉన్నాను. ఈత రాదు, నోట ప్రార్థన కూడా రాలేదు. 'ప్రభువా' అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మిగతా గొట్టమూ పరుపూ గట్టిగా ఉండబట్టి అక్క పూర్తిగా తడవను కూడా లేదు. ఒరగడం అలల వల్లే అనుకుంది.

"అప్పుడేనా?" అంది.

"మల్లీ వద్దారి. ఇంకో పాలి ఇంకా దూరం ఎల్దారి" అన్నాడు బావ.

ఆ మల్లీ రాలేదు. అతుకు వెయ్యాలంటే రబ్బరు అంటుకోదు. నూనె లోపలికి దిగి రబ్బరు ఉబ్బిపోయింది, మెత్తగా జిడ్డుగా అయిపోయింది. ఒకచోట అతికితే ఇంకోచోట ఊడేది. సబ్బుతో కడిగాడు, కిరసనాయిలుతో తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు. కంచరపాలెంలో సైకిలు షాపు అతను చెప్పాడు, నూనె రబ్బరుని తినేస్తుందని. ఆ తర్వాత కూడా బావ పెరట్లో కూర్చుని అతుకులు వేస్తూనే ఉన్నాడు. చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. కొట్లలో మళ్ళీ వెతికాడు గానీ అలాంటిది రాలేదు. ఈలోగా అక్కకి నడుము నిలబెట్టి కూర్చోవడం కూడా పోయింది. ముసలామె పడవ ఏమైందని అడిగితే, "నత్తగుల్ల కోసేసిందమ్మా" అన్నాడు. అంతే, ఇంకెప్పుడూ ఆవిడకి నిజం చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

మిగిలింది ఆ అడుగు పరుపు. దాన్ని గచ్చు మీద పరిచి అక్కకి పడక చేశాడు. పడుకుని పడుకుని వీపుకి పడిన పుండ్లు కాస్త నెమ్మదించాయి. కానీ దానికి ఎక్కడో కంటికి కనిపించని కన్నం ఉంది. సాయంత్రానికి కొంచెం దిగిపోయేది. రోజూ బావ అక్కని పక్కకి దొర్లించి, కాలితో తొక్కే తిత్తితో గాలి కొట్టేవాడు. ఒకరోజు నేనుండగా గాలి కొట్టి, బొటనవేలితో ఒత్తి, మూత తీసి కొంచెం వదిలాడు. మళ్ళీ ఒత్తి, ఇంకొంచెం వదిలాడు.

"కొట్టిన గాలి ఎందుకు తీసేస్తన్నావు బావా?"

"ఉండు. బండొత్తాది."

వాళ్ళ ఇంటి వెనకే రైలు పట్టాలు. ఇనపరాయి గూడ్సు పోర్టు వైపు వెళ్తుంటే ఇల్లంతా వణికింది. ఆ వణుకు పరుపులోకి వచ్చి, అక్క కింద మెల్లగా ఇటు నుంచి అటు కదిలింది. అక్క కళ్ళు మూసుకుంది. చెయ్యి పరుపు అంచు మీద నుంచి వేలాడేసింది. వేళ్ళు గచ్చు మీద కదిలాయి. బావ ఆమె కాళ్ళ వైపు, ఆ రోజు పడవలో కూర్చున్న చోటే, నేల మీద కూర్చున్నాడు. గూడ్సు వెళ్ళిపోయేదాకా లేవలేదు.

ఆదరణ కూడికకి ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "మీ బావ పడవకి నూనె నానే రాసేను తల్లీ. ఎంత మెరిసిందో" అని ఏడ్చింది. "అవునమ్మా, మెరిసింది" అన్నాను.

ఇప్పుడు నేను అక్క దగ్గరే ఉంటున్నాను. సాయంత్రాలు గాలి నేనే కొడుతున్నాను. మొదటి రోజు గట్టిగా కొట్టేశాను. గూడ్సు వచ్చింది, కిటికీ రెక్కలు వణికాయి, పరుపు కదల్లేదు. అక్క కళ్ళు తెరిచి, "పర్నేదులే" అంది. మర్నాడు ఎక్కువ వదిలేశాను. ఆమె వీపు గచ్చుకి తగిలింది. బావ ఎంత ఉంచేవాడో అక్కకి తెలుసు గానీ, చెప్పడం ఆమె వల్ల కావడం లేదు. నా వేలికి తెలియడం లేదు. ఎవరిని అడగను?

ఈ రోజు కూడా మూత కొంచెం తీశాను, ఒత్తాను, ఇంకొంచెం తీశాను. అక్క అప్పటికే కళ్ళు మూసుకుంది. చెయ్యి అంచు మీద నుంచి వేలాడేసి, వేళ్ళు గచ్చుకి తాకీ తాకనట్టు ఉంచింది. మర్రిపాలెం వైపు నుంచి గూడ్సు కూత వినబడింది. నేను లేచి వెళ్ళి ఆమె కాళ్ళ వైపు నేల మీద కూర్చున్నాను.