తలకిందుల కొవ్వొత్తి

నాకు అక్షరాలు వచ్చేసరికి ముప్పై నాలుగేళ్లు. అప్పటికే మా పేట అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. ఆ తర్వాత కొన్నేళ్లకు మా టీచరుగారు రిటైరవుతున్నారని తెలిసింది. పదో తరగతి పాసైన ఆయా ఉంటే ఆ పోస్టు ఆమెకే వస్తుందని, లేకపోతే బయటి నుంచి ఎవరినో వేస్తారని సూపర్‌వైజరుగారు చెప్పారు. ఓపెన్ స్కూల్లో పదికి కట్టాను.

ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి రామచంద్రపురం వెళ్లి క్లాసులో కూర్చునేదాన్ని. సైన్సు నాకు కొరుకుడు పడేది కాదు. వంపు అద్దాల పాఠం ఒక్కటే ముందే తెలిసిన సంగతిలా అనిపించింది. స్టీలు గరిటె తోముతుంటే లోపలి గుంటలో నా ముఖం తలకిందులుగా, వెనకవైపు చిన్నదై నిటారుగా కనిపించడం రోజూ చూసేదే. లోపలికి గుంటగా ఉంటే పుటాకార దర్పణం, బయటికి ఉబ్బి ఉంటే కుంభాకార దర్పణం అనే పేర్లే కొత్త.

చిక్కు బొమ్మ దగ్గర వచ్చింది. పుటాకార దర్పణం ముందు, కాస్త దూరంలో కొవ్వొత్తి పెడితే ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందో ఇంటి దగ్గర గీసి తీసుకురమ్మన్నారు సైన్సు మాస్టారు. పుస్తకంలో ఆ ప్రతిబింబం తలకిందులుగా ఉంది. మా ఇళ్లలో మగవాళ్లు సముద్రం మీద వేటకు వెళ్తే, తిరిగి వచ్చేదాకా దేన్నీ బోర్లించం. బిందె గాని, చేట గాని, ఆఖరికి చెప్పు గాని. పడవ బోల్తా పడుతుందని భయం. అలాంటిది, వెలుగుతున్న దీపాన్ని బోర్లించి గీయడమా? ఆ వారం మా ఆయన వేటలో ఉన్నారు. కిరణాలన్నీ స్కేలు పెట్టి గీసి, ప్రతిబింబాన్ని మాత్రం నిటారుగా నిలబెట్టాను.

మాస్టారు నోట్సు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"కిరణాలు చక్కగా గీశారమ్మా. కానీ ఇవి కలిసిన చోట కొవ్వొత్తి అడుగు పెట్టారేంటి? మంట మొన కదా ఉండాలి?"

"మా ఆయన వేటకెళ్లారండి."

క్లాసంతా గొల్లుమంది. వెనక బల్ల మీది ఆయా ఒకామె, "ఆయనొచ్చాక బోర్లిస్తుంది లెండి మాస్టారూ, అందాకా మార్కులు పక్కన పెట్టండి" అంది.

మాస్టారు నవ్వలేదు. "పరీక్షలో ఈ బొమ్మకి నాలుగు మార్కులమ్మా. మీరు సైన్సు గట్టెక్కాలంటే ఆ నాలుగూ కావాలి" అన్నారు.

తర్వాత కిటికీలు మూయించారు. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, దానికి ఎదురుగా గుంట అద్దం నిలబెట్టి, నా చేతికి తెల్లకాగితం ఇచ్చారు. అద్దం ముందు, వెలుగుకు అడ్డం రాకుండా కొద్దిగా పక్కకు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపమన్నారు. మొదట అలుక్కుపోయినట్టు వెలుగు పడింది. ఇంకాస్త జరిపితే కాగితం మీద చిన్న మంట తేటపడింది. మొన కిందికి ఉంది. నేను గబుక్కున బల్ల వైపు చూశాను. కొవ్వొత్తి ఎప్పటిలాగే నిటారుగా వెలుగుతోంది.

"దాన్నెవరైనా బోర్లించారా అమ్మా?"

"లేదండి."

"మొన నుంచి వచ్చిన వెలుగు అద్దానికి తగిలి కింద కలుస్తోంది. అడుగు నుంచి వచ్చింది పైన కలుస్తోంది. మీరేం తిప్పక్కర్లేదు. మొన నుంచి బయల్దేరిన రెండు కిరణాలు ఎక్కడ కలిస్తే అక్కడ మొన పెట్టండి, చాలు."

తలూపాను గాని, ఇంటికి వెళ్లాక ఆ బొమ్మ జోలికి పోలేదు.

సైన్సు పరీక్ష నాటికి మా ఆయన మళ్లీ వేటలో ఉన్నారు. ప్రశ్నాపత్రంలో సరిగ్గా ఆ బొమ్మే అడిగారు. అద్దం గీశాను, దాని మధ్య నుంచి అడ్డంగా ప్రధానాక్షం గీత గీశాను, ఆ గీత మీద కొవ్వొత్తి గీశాను. మొన నుంచి ఒక కిరణాన్ని అడ్డంగా అద్దం దాకా తీసుకెళ్లి నాభి గుండా తిప్పాను. రెండోదాన్ని వక్రతా కేంద్రం గుండా పంపి అదే దారిన వెనక్కి తెచ్చాను. రెండూ గీతకు దిగువన కలిశాయి. అక్కడ చుక్క పెట్టాను. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"టైమైపోతోందమ్మా" అన్నారు గదిలో కాపలా ఉన్న పంతులుగారు.

చుక్క దగ్గర మొన పెట్టాను. అక్కడి నుంచి గీత దాకా కొవ్వొత్తిని కలిపాను. అయ్యాక చూస్తే తలకిందులుగానే ఉంది. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను గాని, చెరపలేదు.

ఆ తర్వాత రెండు రోజులూ సందు దొరికినప్పుడల్లా రేవు దాకా వెళ్లి చూసొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజున ఆయన వచ్చారు. వల చిరిగింది, మనిషి బాగానే ఉన్నారు. నా బొమ్మ వల్లే చిరిగిందేమోనని భయపడి ఆయనకూ చెప్పలేదు.

ఫలితాలు వచ్చాయి. సైన్సులో పాసుకు కావలసిన దానికంటే రెండే రెండు మార్కులు ఎక్కువ. టీచరు పోస్టు నాకే అని సూపర్‌వైజరుగారు కబురు చేశారు. ఆ రోజు ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు జరిగిందంతా చెప్పేశాను.

ఆయన కంచం ముందుకు జరుపుకున్నారు.

"కొవ్వొత్తేగా? పడవ బొమ్మ గీయలేదుగా?"

"లేదు."

"మరింకేంటి? రేపట్నుంచి టీచరుగారివి. ఇవాళ్టికి నాకు అన్నం పెట్టు."