గుడ్డు ఎవరు ఒలవాలి

మా అమ్మాయికి బడిలో గుడ్డు ఎవరు ఒలిచిపెట్టాలన్న దాని మీద ఊళ్లో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. లేనిది నాకే.

దానికి ఆటిజం. నాలుగో తరగతి చదువుతోంది. మాటలు తక్కువ, ఉన్నవి కూడా బాగా అవసరమైతేనే. మధ్యాహ్నం భోజనం గంట కొట్టే వేళకు నేను బడికి వెళ్లి, వరండాలో దాని పక్కన కూర్చుని, ఉడికిన గుడ్డు ఒలిచి పళ్లెంలో పెట్టి వచ్చేదాన్ని. ఒకటో తరగతి నుంచీ ఇదే వరస. గుడ్డంటే దానికి ప్రాణం. ఒలవమంటే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

వారానికోసారి బస్సెక్కి అనంతపురం వెళ్తాం, మాటలు నేర్పే మేడం దగ్గరికి. ఈసారి బడి తెరిచాక ఆమె అంది: "ఇక మీరు వెళ్లడం ఆపండి. ఆకలేస్తే తనే ఒలుచుకుంటుంది, లేదంటే ఎవరినైనా అడుగుతుంది. మీరే అడగనివ్వట్లేదు." ఫ్యాను కింద కూర్చుని చెప్పడం సులువే. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆమెను మనసులో తిడుతూనే ఉన్నాను. ఉరవకొండలో దిగేసరికి ఆమె మాట నిజమేమో అనిపించి ఇంకా ఒళ్లు మండింది.

ఇంట్లో అప్పుడు విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు. వాన పడిందంటే విత్తడానికి పప్పు సిద్ధంగా ఉండాలి. మిషన్లో వేస్తే పప్పు చిట్లిపోతుందని మా అత్త విత్తనాలకు మాత్రం చేత్తోనే ఒలిపిస్తుంది. ఈ పనిలో మా అమ్మాయిని మించినవాళ్లు మా వీధిలో లేరు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతుంది, పప్పు మీద పొర కూడా చెదరదు. మా ఊళ్లో ఎవరి చేతి పనినైనా దీంతోనే కొలుస్తారు. కాయలు బాగా ఒలిస్తే ఇక అన్నీ వచ్చినట్టే.

మేడం చెప్పింది చెప్పగానే అత్త అందుకుంది. "చూడు, ఎట్ల వొలుస్తాండాదో! ఇంత సన్నపని చేసే పిల్లకి గుడ్డు వొలిచేకి రాదంటావా? నువ్వే చెడగొడతాండావు."

"కాయ ఎండింటాది అత్తా. గుడ్డు తడి. వేళ్లకి ఆ జిగట తగిలితే దానికి ఒళ్లంతా ఎట్లనో అయితాది."

"తడంట, ఎండంట! మేం పిల్లల్ని సాకలేదా?"

కాయలు ఒలుస్తున్న ఆడవాళ్లంతా నవ్వారు. మర్నాడు నేను బడికి వెళ్లలేదు. ఆలోచించి మానలేదు, కోపానికి మానాను.

సాయంత్రం దాని గౌను జేబులో గుడ్డు, పెంకుతో సహా నలిగిపోయి ఉంది. ఆ మరుసటి రోజూ అంతే. జేబు ఉతుకుతూ ఏడ్చాను. టీచరమ్మను అడిగితే, "గుడ్డు ఇచ్చినానమ్మా. ఒక్కొక్కరి ముందర కూచునేకి నాకు యాడ అయితాది?" అంది. ఆమెదీ తప్పు కాదు. ఎవరిదీ తప్పు కాకపోతే నేను ఎవరి మీద అరవాలి?

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక బడి గోడ దాకా వెళ్లాను, లోపలికి పోకూడదని ఒట్టు పెట్టుకుని. గోడ పక్కనే వరండా. పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. నా కూతురు గుడ్డును చాలాసేపు చూసి, పక్కనున్న పిల్ల పళ్లెంలో పెట్టింది. ఆ పిల్ల తినేస్తుందనుకున్నాను. అప్పటికే నేను గేటు వైపు నడుస్తున్నాను.

"వొల్చు," అంది నా కూతురు.

ఆ పిల్ల ఒలిచి, చెయ్యి గౌనుకు తుడుచుకుని, గుడ్డు తిరిగి ఇచ్చేసింది. ఇద్దరూ తమ అన్నం తాము తిన్నారు.

ఫోన్లో చెబితే మేడం "చూశారా!" అంది. అత్త "నేను చెప్పలా!" అంది. అత్త చెప్పింది అది కానే కాదు. నాకు సంతోషమే. అయితే ఇన్నేళ్లు నన్ను అడగని మాట ఆ పిల్లను అడిగిందని కడుపులో చిన్న మంట కూడా.

కొన్నాళ్లు బాగానే గడిచింది. వాన ఆలస్యమయ్యేసరికి ఆ పిల్ల అమ్మానాన్నలు దాన్ని తీసుకుని కూలి పనికి బెంగళూరు వెళ్లిపోయారు. మా వైపు ఇళ్లకు తాళాలు పడటం కొత్త కాదు. నాకు మాత్రం మళ్లీ జేబులో గుడ్డు చూశాకే తెలిసింది.

బడి నుంచి వచ్చే దారిలోనే దాన్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టాను. ఒలవాలా, వద్దా? మేడం వద్దంటుంది, అత్త వద్దంటుంది, పిల్ల ముఖం ఆకలికి వాడిపోయి ఉంది. మీ అందరి చదువులూ తగలెయ్య అనుకుంటూ విసురుగా ఒలిచి, కొంగుతో తడి తుడిచి, చేతిలో పెట్టాను. గబగబా తినేసింది. తిన్నాక నా చేతిలోని పెంకుల వంక చూసింది.

"రేపు ఎవురు?" అంది.

"నేనే," అనబోయాను. అనకుండా, "ఇప్పుడు నీ పక్కన ఎవురు కూచుంటారు?" అని అడిగాను.