కోదాడ షెడ్డులో నా కారు, డైనమో మీద నా పేరు

సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడకు సొంత కారులో వెళ్లదలచినవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా ప్రయాణానికి కారణం మా తమ్ముడు. మిర్యాలగూడలో అతనికి బియ్యం మిల్లు ఉంది. కోదాడలోని కార్ల ఏజెంటు షెడ్డులో సర్వీసు చేయించినప్పుడల్లా నా చేతి చమురు వదులుతోందనీ, కారు అమ్మేయమనీ ఏడాదిగా పోరుతున్నాడు. ఈసారీ బిల్లు వంద దాటితే తాళాలు అతని చేతిలోనే పెడతానని మాట ఇచ్చాను. కొనే మనిషిని కూడా అతను సిద్ధం చేసుకున్నాడు. మద్రాసులో బి.ఏ. చదివిన నాటి నుంచి నేను ఎక్కడికి వెళ్లాలన్నా ఒకరి అనుమతి అడగలేదు. ఆ కారు పోతే, ఇకపై ఎవరి బండి ఖాళీగా ఉందో కనుక్కొని కదలాలి.

ఉదయం ఆరింటికి బయలుదేరాం. కారు నేనే నడిపాను. పక్కన మా ఇంట్లో ఏళ్లుగా వంట చేస్తున్న లచ్చమ్మ. మునగాల దాటాక రోడ్డు మీద కంకర లేచి ఉంది, నెమ్మదిగా పోవాలి. ఎనిమిదింటికి కోదాడ చేరి, కారును షెడ్డులో అప్పగించి, ఆయిలు మార్చి బ్రేకులు బిగించమని మాత్రమే చెప్పాను. ఎదుటి పూటకూళ్లింట్లో ఇడ్లీ బాగుంటుంది. నిజాం హాలీ సిక్కా, ఇండియా రూపాయి రెండూ తీసుకుంటారు కాని, మారకం ఎంతో ముందే అడగాలి.

మధ్యాహ్నానికి మేనేజరు నూట ఎనభై రూపాయల బిల్లుతో వచ్చాడు. ఒక పనివాడి చేత నల్లగా మాడిన డైనమో తెప్పించి నా ముందు పెట్టించాడు.

“మీ డైనమో పూర్తిగా కాలిపోయిందండీ అమ్మగారూ. కొత్తది వేయించాను. లేకపోతే చీకట్లో దారి మధ్య ఆగిపోయేవారు.”

దాన్ని తిప్పి అడుగు వైపు చూశాను. రెండు నెలల క్రితం గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి మా వీధికి వచ్చినప్పుడు, ఇత్తడి సామానుతో పాటు కారులోని డైనమో మీదా, బ్యాటరీ పెట్టె మీదా నా పేరు కొట్టించాను. “ఇగ కారును గూడ తోమి అటక మీద బోర్లిస్తవా అమ్మా?” అని లచ్చమ్మ ఆనాడు నవ్వింది. ఈ మాడిన డైనమో మీద ఏ పేరూ లేదు.

బానెట్ ఎత్తించాను. కొత్తదన్నది తడి ఆరని నల్లరంగుతో మెరుస్తోంది. గుడ్డను కిరసనాయిలులో ముంచి దాని అడుగున తుడిచాను. ‘సుభద్ర’ అనే అక్షరాలు తేలాయి.

పనివాళ్ల పొరపాటని మేనేజరు మొదలుపెట్టాడు. పక్కనే తన బండి కోసం ఎదురుచూస్తున్న లారీ యజమాని ఒకతను మాడిన డైనమో దగ్గర వంగి చూశాడు.

“ఇది పోయిన నెల నాకూ చూపించారు కదండీ? నా లారీదేనన్నారు!”

లచ్చమ్మ ఊరుకోలేదు.

“ఎన్ని బండ్లల్ల కాలిందో పాపం గది. జర ఇగనన్న సెలవియ్యుండ్రి సారూ.”

లారీ యజమాని తన బండి బానెట్ ఎత్తడానికి వెళ్లాడు. చేసిన పనికి డబ్బిస్తాననీ, రంగు ఖర్చు మాత్రం ఇవ్వననీ చెప్పాను. బిల్లు ఇరవై రెండు రూపాయలకు దిగింది. చెల్లించి, రసీదు తీసుకున్నాను.

రెండింటికి కోదాడ విడిచి, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా సాగాం. మూసీ దాటేటప్పుడు ఇసుకలో గేరు మార్చకండి. పొద్దుగూకాక, కాలిపోయిందన్న డైనమోతోనే దీపాలు దివ్యంగా వెలిగాయి. మిర్యాలగూడ చేరేసరికి తమ్ముడు, కారు కొనే మనిషితో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాళాల కోసం చాచిన చేతిలో రసీదు పెట్టాను. చదివి, జరిగినదంతా విని, ఆ మనిషికి చాయ్ తాగించి పంపించేశాడు. భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు.

“అక్కా, ఆ పేర్లు కొట్టేటాయన మళ్ల ఎప్పుడొస్తడు? మా మిల్లు ఇంజను గూడ ఆ షెడ్డుకే పోతది.”

ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. కారున్నవారికి నమ్మకమైన షెడ్డు దొరకడం అదృష్టం. దొరికేదాకా మన వస్తువును మనం గుర్తుపట్టగలగాలి. సర్వీసుకు ఇచ్చే ముందు విలువైన భాగాల అడుగున మీ పేరు కొట్టించండి, కూలి మరో అణా ఎక్కువైనా లోతుగా కొట్టమనండి. నా పేరు లోతుగా ఉండబట్టే వాళ్ల రంగు దాన్ని పూడ్చలేకపోయింది.